పక్కింటోళ్ల మార్కులు మనింటి మెమోలో ఉండవు

పదో తరగతి ఫలితాలొచ్చే రోజు నరసరావుపేటలో ఏ వీధికెళ్లినా కనిపించేది ఒకటే. ఇంట్లో అందరూ ఒకే ఫోన్ చుట్టూ మూగుతారు, హాల్‌టికెట్ నంబర్ కొడతారు, మార్కులు కనపడగానే అల్‌హమ్దులిల్లాహ్ అంటారు. ఉదాహరణకి 487 అనుకుందాం. అమ్మీ మొహం వెలిగిపోతుంది. ఇంతలో ఖాలా ఫోన్ చేస్తుంది. వాళ్ల అబ్బాయికి 540 అట. అంతే, ఇల్లు చల్లబడిపోతుంది. పది నిమిషాల క్రితం మిఠాయి తెప్పిద్దామన్న అబ్బా ఇప్పుడు, "వాడికి ట్యూషన్ కూడా లేదు, నీకేం తక్కువ చేశాం?" అంటాడు.

ఈ పది నిమిషాల్లో పిల్లాడికొచ్చిన చదువు పెరగలేదు, తగ్గలేదు. మెమోలో అంకె కూడా మారలేదు. మారిందల్లా పక్కన పెట్టి చూసిన అంకె.

ఈ పోలికల జబ్బు తగ్గించాలని ప్రభుత్వమే రెండుసార్లు ప్రయత్నించిన సంగతి చాలామందికి గుర్తుండదు. ఉమ్మడి రాష్ట్రంలో 2012లో పదో తరగతికి మార్కులు తీసేసి గ్రేడ్లు పెట్టారు. ఒకటి రెండు మార్కుల తేడాకి ర్యాంకుల గోల ఉండకూడదన్నది అప్పటి ఆలోచన. మరి ఏమైంది? "మా స్కూల్లో ఇంతమందికి 10కి 10" అని ఫ్లెక్సీలు లేచాయి. 9.8 వచ్చిన పిల్లలు ఏడ్చారు. 2022లో ఆంధ్రప్రదేశ్ మళ్లీ మార్కులకే వచ్చింది. పల్నాడు జిల్లా ఏర్పడిందీ ఆ ఏడాదే, ఏప్రిల్ 4న. మార్కులు తిరిగొస్తే ర్యాంకుల ప్రకటనలూ తిరిగొస్తాయని తెలుసు కాబట్టి, ఫలితాలకు ముందే విద్యా సంస్థలు ర్యాంకులు ప్రచారం చేసుకోకూడదని ఉత్తర్వు ఇచ్చారు. 1997 నాటి పరీక్షల అక్రమాల నిరోధక చట్టం కింద మూడు నుంచి ఏడేళ్ల జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా అన్నారు. ఇప్పుడు ర్యాంకు అనే మాట తీసేసి, ఫొటో పక్కన మార్కులు మాత్రం వేసే ఫ్లెక్సీలు కనిపిస్తున్నాయి. సరే, అది వ్యాపారం. ఖాలా ఫోన్‌కి మాత్రం ఏ చట్టమూ వర్తించదు కదా.

అసలు మనిషి ఎందుకు పోల్చుకుంటాడు? అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త లియోన్ ఫెస్టింగర్ 1954లో దీని మీద ఒక సిద్ధాంతం రాశాడు. తన స్థాయి ఎంతో తెలుసుకోవాలని మనిషికి ఉంటుంది, కొలవడానికి వేరే కొలత లేనప్పుడు పక్కవాడినే కొలతగా పెట్టుకుంటాడు, అదీ తనలాంటి వాడినే అంటాడు ఆయన. అందుకే అంబానీ ఇంట్లో పెళ్లి చూస్తే మనకి వినోదం, మన గల్లీలో వాళ్లు ఏసీ పెట్టించుకుంటే నిద్ర పట్టదు. బంధువుల పిల్లల మార్కులే ఎక్కువ గుచ్చుకోవడానికి కారణం కూడా ఇదే. అదే వయసు, అదే కుటుంబం, ఇంచుమించు అదే సంపాదన.

ఎవరితో పోల్చుకుంటామన్న దాన్ని బట్టి సంతోషం ఎలా తలకిందులవుతుందో చూపించిన పరిశోధన ఇంకొకటి ఉంది. 1992 బార్సిలోనా ఒలింపిక్స్ వీడియోలు చూసి ముగ్గురు పరిశోధకులు 1995లో రాసింది. వెండి పతకం గెలిచినవాళ్ల కంటే కంచు పతకం గెలిచినవాళ్ల మొహాల్లోనే ఎక్కువ ఆనందం కనిపించింది. వెండి గెలిచినవాడు చేజారిన బంగారం వైపు చూస్తున్నాడు. కంచు గెలిచినవాడు ఏ పతకమూ లేకుండా ఇంటికెళ్లేవాడి వైపు చూస్తున్నాడు.

మాచర్ల, గురజాల వైపు కుటుంబాలు బాగా అర్థం చేసుకోవాల్సింది మాత్రం పదో తరగతి తర్వాత జరిగేది. ఊళ్లో జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫస్ట్ వచ్చిన పిల్లాడిని గుంటూరులోనో విజయవాడలోనో హాస్టల్ ఉన్న కాలేజీలో చేరుస్తారు. అక్కడ క్లాసులో ఉన్నవాళ్లంతా ఏదో ఒక ఊళ్లో ఫస్టే. వారం వారం పరీక్ష, మార్కుల్ని బట్టి సెక్షన్ మార్పు. రెండు నెలలు తిరక్కుండా పిల్లాడు ఫోన్‌లో ముక్తసరిగా మాట్లాడటం మొదలుపెడతాడు. "నాకు రాదమ్మీ, నేను డల్" అంటాడు. తెలివి ఎక్కడికీ పోలేదు, చుట్టూ ఉన్న గుంపు మారింది. ఒకే స్థాయి పిల్లల్ని తీసుకుంటే, బాగా చదివేవాళ్లు నిండిన బడిలో ఉన్నవాళ్లకి తమ చదువు మీద నమ్మకం తక్కువగా ఉంటుందని హెర్బర్ట్ మార్ష్ అనే పరిశోధకుడు 1980లలోనే చూపించాడు. చిన్న చెరువులో పెద్ద చేప పెద్ద చెరువులోకి వెళ్లి చిన్నదైపోయినట్టు. 2003లో 26 దేశాల విద్యార్థుల లెక్కలు తీసి చూసినా ఇదే తేలింది.

కాబట్టి మొదటి టర్మ్‌లో పిల్లాడి మాట మారితే, "సెక్షన్ ఎందుకు మారింది" అని అడిగే ముందు "అన్నం తింటున్నావా, నిద్ర పడుతోందా" అని అడగడం మంచిది. ఇది చిన్న విషయం కాదు. 2023 ఏప్రిల్ 26న ఇంటర్ ఫలితాలు వస్తే, రెండు రోజుల్లో రాష్ట్రంలో తొమ్మిది మంది విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నట్టు వార్తలొచ్చాయి. ఒక్కో ఇంటి వెనక ఒక్కో కారణం ఉంటుంది, అన్నిటినీ పోలిక ఖాతాలో వేయలేం. కానీ ఓడిపోయాననుకుంటున్న పిల్లల ముందు ఇంకొకరి మార్కులు చదవకుండా ఉండటం మన చేతిలో పనే.

డబ్బు సంగతీ ఉంది. పక్క పొలం వాళ్ల అబ్బాయి విజయవాడ వెళ్లాడని మన అబ్బాయినీ పంపడం మన దగ్గర కొత్త కాదు. 2023లో గుంటూరు యార్డులో మిర్చి క్వింటా 20 వేలు దాటింది. ఆ ధర చూసి ఒప్పుకున్న ఫీజు, ధర పడిపోయిన ఏడాది కూడా కట్టాల్సిందే. 2025 ఫిబ్రవరికి కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద ఇచ్చిన ధర క్వింటాకి 11,781 రూపాయలు. బ్యాలెన్స్ షీట్‌కి రెండు వైపులుంటాయి. పక్కింటివాళ్లది మనకి ఆస్తుల వైపే కనపడుతుంది. అప్పుల వైపు వాళ్ల ఇంట్లో బీరువాలో ఉంటుంది.

మరి పోలిక ఎక్కడా పనికి రాదా? వస్తుంది, సీటు ఉన్నచోట. పదో తరగతిలో 35 వస్తే పాస్. పక్కవాడికి 90 వస్తే మన 35 తగ్గదు. ఈఏపీసెట్ అలా కాదు, అక్కడ సీట్లు కొన్నే, ముందున్నవాళ్లకే దక్కుతాయి. ట్రిపుల్ ఐటీ సీట్లు కూడా పదో తరగతి మార్కులు పోల్చే ఇస్తారు. అయితే ఒక విషయం గమనించాలి. ప్రభుత్వ బళ్లలో చదివిన పిల్లలకి అక్కడ 4 శాతం అదనంగా కలుపుతారు. అంటే, ఒకే అంకె వచ్చినా దాని వెనక వసతులు ఒకటి కావని పోల్చే సంస్థే ఒప్పుకుంటోంది. ఇంట్లో పోల్చే మనమే ఆ 4 శాతం కలపం! పొద్దున దుకాణం షట్టర్ ఎత్తి వచ్చి బడికెళ్లిన పిల్లాడినీ, పొద్దున్నుంచీ పుస్తకం ముందే కూర్చున్న పిల్లాడినీ ఒకే తక్కెడలో వేస్తాం.

ఏడాదికీ ఏడాదికీ కూడా పోలిక కుదరదు. రాష్ట్రంలో పదో తరగతి ఉత్తీర్ణత 2022లో 67.26 శాతం, 2023లో 72.26, 2024లో 86.69, 2025లో 81.14. 2022లో గట్టెక్కిన అక్కనీ 2024లో రాసిన తమ్ముడినీ పక్కపక్కన పెట్టి "చూడు, తమ్ముడు నీకంటే నయం" అంటే లెక్కే తప్పు.

ఆడపిల్లల విషయంలో పోలిక ఇంకో రూపంలో వస్తుంది. 540 తెచ్చుకున్న అమ్మాయిని ఎవరి మార్కులతోనూ పోల్చరు. "వాళ్ల అమ్మాయికి నికాహ్ కుదిరింది, మనమ్మాయికి ఇంకా లేదు" అంటారు. చదువు అక్కడే ఆగిపోతుంది. తర్వాత జహేజ్ దగ్గర మళ్లీ అదే కొలత, వాళ్లు ఎంతిచ్చారు, దావత్‌కి ఎంతమందిని పిలిచారు అని.

దీన్‌లో దీనికి జవాబు లేదా అంటే, చాలా సూటిగా ఉంది. ప్రపంచ విషయాల్లో మీకంటే తక్కువ ఉన్నవాళ్లను చూడండి, ఎక్కువ ఉన్నవాళ్లను కాదు, అప్పుడే అల్లాహ్ ఇచ్చిన దాన్ని చిన్నచూపు చూడకుండా ఉంటారన్నది సహీహ్ ముస్లింలో ఉన్న హదీసు భావం. అలాగని ఎవరినీ చూసి ఏమీ కోరుకోవద్దని కాదు. సంపదను మంచికి ఖర్చు చేసేవాడినీ, జ్ఞానంతో నడుచుకుంటూ దాన్ని నేర్పేవాడినీ చూసి అలా కావాలనుకోవచ్చని వేరే హదీసుల్లో ఉంది. ఇమామ్ గజాలీ ఇహ్యా ఉలూమిద్దీన్‌లో ఈ రెంటినీ విడదీశారు. ఎదుటివాడికి ఉన్నది పోవాలనుకుంటే హసద్, అది వాడికీ ఉండాలి నాకూ రావాలనుకుంటే గిబ్తా. ఖాలా కొడుకుకి 540 వచ్చాయంటే మాషా అల్లాహ్ అని మనసారా అనగలిగితే మనం రెండో వైపు ఉన్నట్టు.

మానుకోవడం ఒక్కరోజులో రాదు, అలవాటు చేసుకోవాలి. ఫలితాల రోజు కనీసం రాత్రి దాకా బంధువుల మార్కులు అడగకూడదని ఇంట్లో ముందే అనుకోవచ్చు. స్టేటస్‌లో మార్కులు పెట్టాలనుకుంటే ఒకరోజు ఆగొచ్చు, ఫెయిలైన పిల్లలున్న చుట్టాలూ ఆ స్టేటస్ చూస్తారు. పోల్చకుండా ఉండలేకపోతే పిల్లాడి ప్రీ ఫైనల్ మార్కుల పేపర్ తీసి మెమో పక్కన పెట్టండి. లెక్కల్లో 41 ఉన్నచోట 63 కనిపిస్తే, ఆ 22 మార్కులు ఎలా పెరిగాయో వాడినే అడగండి. వాడు చెప్పేది వింటే వచ్చే ఏడాది ఏం చేయాలో కూడా తెలుస్తుంది. తగ్గితే ఎక్కడ తగ్గిందో తెలుస్తుంది. ఖాలా కొడుకు మెమోలో ఈ రెండూ దొరకవు.

సబ్జెక్ట్ పోయినవాళ్లకి అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ ఉంటుంది. మార్కుల మీద అనుమానం ఉంటే రీకౌంటింగ్, రీవెరిఫికేషన్‌కి గడువులోపు ఫీజు కట్టాలి, తేదీలు బడిలో హెడ్మాస్టర్ దగ్గర కనుక్కోండి. పిల్లలు మాట్లాడటం తగ్గించినా, అన్నం మానేసినా, బతికేం లాభం అన్నట్టు మాట్లాడినా వాళ్లను ఒంటరిగా వదలొద్దు. టెలీ మానస్ నంబర్ 14416. ఉచితం, రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. పిల్లలే కాదు, తల్లిదండ్రులు కూడా చేయొచ్చు.