అఫ్జల్‌గంజ్ శస్త్రశాలలో సేనానీతి

‘సేన’ అనగానే సామాన్యుని మనస్సులో మెదిలేది ఆజ్ఞ, ఆజ్ఞాపాలనం. నాయకుడు ఆనతి ఇస్తాడు. సైనికుడు ఎదురాడక నెరవేరుస్తాడు. ఆ క్రమశిక్షణలో శతాంశమైనా మన కార్యాలయాలకు, కర్మాగారాలకు, విద్యాలయాలకు అబ్బితే ఎంత బాగుండునని నిట్టూర్చేవారు ఎందరో ఉన్నారు. ఇటీవలి దశాబ్దాలలో విశిష్ట సైనిక దళాల శిక్షణ పద్ధతులను వ్యాపార సంస్థల ఉద్యోగులకు బోధించే ఆచారం కూడా దేశదేశాలలో వ్యాపించినది. సేననుండి పౌరజీవితం గ్రహింపదగినది నిశ్చయంగా ఉన్నది. అది ఏది, ఎంత అన్నదే ప్రశ్న.

దీనికి సమాధానం వెదకడానికి దూరదేశాలకు పోనక్కరలేదు. నూట ముప్ఫై ఏళ్ళకు పూర్వమే హైదరాబాదులో, మూసీ ఒడ్డున ఉన్న అఫ్జల్‌గంజ్‌లో, ఒక సైనిక వైద్యుడు తన శస్త్రశాలను సేనా శిబిరం వలె నడిపి చూపినాడు. అతని విధానంలో గొప్ప సత్యమూ ఉన్నది, గొప్ప పొరపాటూ ఉన్నది. నేటి ఉపాధ్యాయునికీ, విద్యార్థికీ ఆ రెండూ పాఠాలే.

మూసీ ఒడ్డున ఆసుపత్రి

అఫ్జల్‌గంజ్ అయిదవ నిజాం అఫ్జలుద్దౌలా పేరిట వెలసిన పేట. 1866లో అక్కడ ఏర్పడిన ఆసుపత్రి 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరదలో నేలమట్టమైనది. నేటి ఉస్మానియా ఆసుపత్రికి అదే పూర్వరూపం. 1846లో నెలకొన్న హైదరాబాదు వైద్య పాఠశాల విద్యార్థులు శస్త్రచికిత్సను కన్నులార చూచి నేర్చుకొన్నది ఆ ఆసుపత్రిలోనే. 1880వ దశకంలో ఆ పాఠశాలకు అధిపతిగా, రెసిడెన్సీ సర్జనుగా వచ్చినవాడు సర్జన్-మేజర్ ఎడ్వర్డ్ లారీ. ఎడింబరోలో ప్రఖ్యాత శస్త్రవైద్యుడు జేమ్స్ సైమ్ వద్ద విద్య నేర్చి, సైనిక వైద్య శాఖలో చేరి భారతదేశానికి వచ్చిన వ్యక్తి.

ఆ కాలంలో వైద్యలోకాన్ని కలవరపరచిన సమస్య ఒకటి ఉండేది. 1847 నవంబరులో సింప్సన్ క్లోరోఫారం మత్తును లోకానికి ఎరుకపరచినాడు. కత్తికి వెరచి వణికిన రోగులకు అది వరప్రసాదం అయినది. కాని మూడు మాసాలైనా నిండకుండానే, 1848 జనవరిలో, ఇంగ్లండులో హన్నా గ్రీనర్ అనే పదిహేనేళ్ళ బాలిక కాలిగోరు తీయించుకొనబోయి క్లోరోఫారం వలన కన్నుమూసినది. పిదప అట్టి మరణాలు అక్కడక్కడ సంభవిస్తూనే వచ్చినవి. క్లోరోఫారం మొదట ఆపేది గుండెనా, శ్వాసనా? గుండె అని లండను వైద్యులలో పెక్కుమంది, శ్వాస అని ఎడింబరో సంప్రదాయం వారు వాదించుకొన్నారు. ఇది పండితుల వాగ్వాదంగా తోచవచ్చు గాని, బల్లమీద పడుకొన్న రోగికి మాత్రం ప్రాణసమస్య. నాడి పట్టి చూడవలెనా, ఊపిరిని గమనించవలెనా అన్నది దీనిమీదనే ఆధారపడి ఉన్నది.

ఒకనికి ఒకే విధి

లారీ నియమం సరళమైనది, కఠినమైనది. క్లోరోఫారం ఇచ్చేవాడు రోగి శ్వాసను తప్ప మరి దేనిని చూడరాదు. శస్త్రవైద్యుని కత్తి ఎంత నేర్పుగా కదలుతున్నా అటు దృష్టి మరల్చరాదు. నాడిపై చేయి వేయనే కూడదు. శ్వాసలో ఏమాత్రం మార్పు వచ్చినా ఆ క్షణమే మందు ఆపవలె. రాత్రివేళ శిబిరానికి కావలి కాసే సిపాయి ఎంత ఏకాగ్రతతో చీకటిని చూస్తాడో, మత్తు ఇచ్చేవాడు అంత ఏకాగ్రతతో ఊపిరిని చూడవలెనన్నమాట.

మత్తు ఇచ్చే పనిని ఎవరో ఒక చిన్న సహాయకునికి అలవోకగా అప్పగించే అలవాటు అనేక చోట్ల ఉన్న రోజులవి. దానిని ఒక ప్రత్యేక విధిగా, నేర్చి చేయవలసిన విద్యగా పరిగణించడం లారీ చేసిన మేలు. అతని శిష్యురాలు రూపాబాయి ఫర్దూంజీ హైదరాబాదు ఆసుపత్రులలో మత్తువైద్యురాలిగా పనిచేసి, 1909లో ఉన్నత విద్యకై ఎడింబరో వెళ్ళినది. మత్తువైద్యాన్ని వృత్తిగా చేపట్టిన స్త్రీలలో లోకంలోనే ప్రథమగణ్యులలో ఆమె ఒకరు. విధి స్పష్టంగా ఉన్నప్పుడు ఆ విధిలో నైపుణ్యం పెరుగుతుందనడానికి ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు.

నాయకుని నమ్మకం, అనుచరుల మౌనం

లారీ తన సిద్ధాంతాన్ని పరీక్షకు పెట్టడానికి వెనుదీయలేదు. 1888లో మొదటి హైదరాబాదు క్లోరోఫారం కమిషన్ ప్రయోగాలు జరిపినది. విమర్శలు రాగా, ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వం వేయి పౌన్లు సమకూర్చినది. ‘లాన్సెట్’ పత్రిక లండను నుండి లాడర్ బ్రంటన్‌ను పంపినది. 1889లో రెండవ కమిషన్ వందల జంతువులపై ప్రయోగాలు చేసినది. గుండెకు ప్రమాదమన్న భావంతో వచ్చిన బ్రంటన్ కూడా, భయపడవలసినది శ్వాస నిలిచిపోవడానికే గాని గుండెకు కాదని ఒప్పుకొన్నాడు. హైదరాబాదు పేరు ప్రపంచ వైద్య పత్రికలలో మారుమ్రోగినది.

కాని సత్యం అంతటితో ముగియలేదు. 1893లో కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞులు గాస్కెల్, షోర్ క్లోరోఫారం గుండెపై నేరుగా పనిచేస్తుందని తేల్చినారు. లారీ అంగీకరింపలేదు. 1911లో గుడ్‌మన్ లెవీ మరొక రహస్యం బయటపెట్టినాడు. మత్తు గాఢంగా ఉన్నప్పటి కంటె తేలికగా ఉన్నప్పుడే గుండె లయ తప్పి, హఠాత్తుగా నిలిచిపోవచ్చును. అంటే, శ్వాసను కనిపెట్టుమన్న ఆజ్ఞ మంచిదే. నాడిని చూడవద్దన్న ఆజ్ఞ ప్రమాదకరమైనది.

ఇక్కడ ఆలోచింపవలసినది లారీ వ్యక్తిగత దోషాన్ని గురించి కాదు. అతడు కృషీవలుడు, నిజాయితీపరుడు. కాని ‘నాడి చూడరాదు’ అన్న నియమం అమలులో ఉన్న శస్త్రశాలలో, నాడి తప్పిన సంగతిని గమనించగలవాడెవడు? గమనించినా చెప్పగలవాడెవడు? నాయకుడు ఏది చూడవద్దన్నాడో అది కంటబడదు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అన్న సామెత శస్త్రశాలలో నిజమైతే దాని మూల్యం ఒక ప్రాణం.

సేన నేర్చుకొన్న పాఠం

ఆశ్చర్యకరమైన విషయమేమంటే, ఈ దోషానికి విరుగుడును కూడా సేనలే ముందుగా కనుగొన్నవి. 1935 అక్టోబరు 30న అమెరికా సైన్యం పరీక్షించిన బోయింగ్ 299 విమానం నేల విడిచిన కొద్ది క్షణాలకే కూలినది. నడిపినవాడు ఎంతో అనుభవశాలి. తోకపై ఉన్న ఫలకాల బిగింపును విప్పడం మరచినాడు. సైన్యం దానికి ప్రతిక్రియగా ‘జాగ్రత్తగా ఉండుడు’ అని మరొక ఆజ్ఞ వేయలేదు. బయలుదేరే ముందు సరిచూచుకొనవలసిన అంశాల చిన్న జాబితా తయారుచేసినది. నేర్పరికైనా మరపు సహజమని ఒప్పుకొనడమే ఆ జాబితాలోని వినయం.

1970వ దశకంలో అమెరికా సైన్యంలోనే మరొక ఆచారం రూపొందినది. అభ్యాసం ముగిసిన వెంటనే దళమంతా కూర్చుంటుంది. జరగవలసినది ఏమి? జరిగినది ఏమి? ఎందుకు అట్లు జరిగినది? ఇక ముందు ఏమి చేయవలె? ఈ ప్రశ్నలకు సిపాయి మొదలు సేనాని వరకు అందరూ సమాధానం చెప్పవలసినదే; అక్కడ హోదాలు అడ్డురావు. సైనిక న్యాయస్థానాలలో సభ్యులు అభిప్రాయం తెలిపేటప్పుడు కనిష్ఠుడు ముందుగా చెప్పే సంప్రదాయం అంతకు ఎంతో పూర్వమే ఉన్నది. పెద్దవాని మాట విన్న పిదప చిన్నవాని నోరు పెగలదని వారికి తెలుసు.

పౌరజీవితం ఈ పాఠాన్ని ఆలస్యంగా, కష్టాలు పడి నేర్చుకొన్నది. 1977 మార్చి 27న టెనరీఫ్ విమానాశ్రయంలో రెండు విమానాలు ఢీకొని 583 మంది మరణించినారు. దారి ఇంకా ఖాళీ కాలేదేమోనని తోటి ఉద్యోగి వెలిబుచ్చిన సందేహాన్ని జ్యేష్ఠుడైన చోదకుడు లక్ష్యపెట్టలేదు. ఆ పిమ్మటనే, చిన్నవాడు సందేహం చెప్పడం, పెద్దవాడు వినడం విమాన చోదకుల శిక్షణలో భాగమైనవి. 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ శస్త్రశాలలకు ఒక జాబితాను ప్రకటించినది. కోతకు ముందు అందరూ తమ పేరు, తమ విధి చెప్పుకొనడం అందులోని ఒక అంశం. ఢిల్లీతో కలిపి ఎనిమిది నగరాల ఆసుపత్రులలో దానిని అమలు జరిపి చూడగా శస్త్రచికిత్స అనంతర మరణాలు నూటికి 1.5 నుండి 0.8కి తగ్గినట్లు 2009లో వెల్లడైనది. లారీ కోరిన విధివిభజన ఆ జాబితాలో ఉన్నది. లారీ ఇవ్వని ప్రశ్నించే హక్కు కూడా ఉన్నది.

రెండు సభలు

ఈ రహస్యం తెలుగువారికి కొత్తది కాదు. యుద్ధకాండలో రెండు సభలు కనబడతవి. లంకలో హితం చెప్పిన విభీషణుడు అవమానం పొంది వెడలిపోయినాడు, పొగడినవారు మిగిలినారు. అదే విభీషణుడు సముద్రం దాటి శరణు కోరినప్పుడు రాముడు వెంటనే తన నిర్ణయం ప్రకటింపలేదు. సుగ్రీవుడు సందేహించినాడు, అంగదుడు, జాంబవంతుడు తమ తమ అనుమానాలు చెప్పినారు, హనుమంతుడు వేరుగా భావించినాడు. అందరి మాటలు విన్న పిదపనే రాముడు అభయమిచ్చినాడు. రెండు చోట్లా సేన ఉన్నది, ఆజ్ఞ ఉన్నది, పరాక్రమం ఉన్నది. భేదం సభలోనే ఉన్నది.

పాఠశాల వంటి చోట కూడా ఈ నీతి అనుసరణీయమే. పరీక్షల నిర్వహణలో ఎవరి విధి ఏదో ముందుగా స్పష్టం కావలె. విహారయాత్రకు బయలుదేరే ముందు పిల్లల సంఖ్య, మందులు, త్రాగునీరు మొదలైన వాటిని జ్ఞాపకశక్తికి వదలక కాగితంపై సరిచూడవలె. వార్షికోత్సవం ముగిసిన మరునాడు ఉపాధ్యాయులు సమావేశమైతే, ప్రధానోపాధ్యాయుడు చివర మాట్లాడి, కొత్తగా చేరిన ఉపాధ్యాయునికి మొదట అవకాశం ఇవ్వవలె. తరగతిలో ‘లెక్క తప్పినదండీ’ అని లేచి చెప్పిన విద్యార్థిని కూర్చోబెట్టక, నల్లబల్లవైపు తిరిగి మరొకసారి చూడవలె.

పౌరసంస్థ యుద్ధభూమి కాదు. అక్కడ శత్రువు లేడు, సైనిక శిక్షాస్మృతి లేదు. ఆజ్ఞాపాలనాన్ని మాత్రమే అరువు తెచ్చుకొన్న సంస్థకు సేన ఆడంబరం అబ్బుతుంది గాని బలం అబ్బదు. ఊపిరిని కనిపెట్టే ఏకాగ్రత ఎంత అవసరమో, ‘నాడి తప్పుతున్నది’ అని చెప్పగల చిన్నవాని గొంతు అంత అవసరం. ఆ గొంతుకు చోటివ్వగలిగినవాడే, సేనలోనైనా శస్త్రశాలలోనైనా, నాయకుడనిపించుకొంటాడు.