అరోచకము: ఆయుర్వేద దృష్టి

“అన్నం హితవు లేదు” అను మాట మన ఇండ్లలో తరచుగా వినబడుచుండును. జ్వరపడి లేచినవారును, పరీక్షల భయముతో కృశించు విద్యార్థియు ఒకే మాట పలుకుదురు. మాట ఒకటియే అయినను కారణములు వేరు. ఈ భేదమును ప్రాచీన వైద్యులు చక్కగా గుర్తించిరి.

ఆహారమునందు రుచి లేకపోవుటను ఆయుర్వేదము అరోచకమనును. చరకసంహిత చికిత్సాస్థానము 26వ అధ్యాయమునందును, మాధవనిదానమునందును దీని వివరణ కలదు. ఇది ఐదు విధములు. వాత, పిత్త, కఫములచే మూడు. ఆ మూడును కలిసి ప్రకోపించుటచే నాలుగవది. శోకము, భయము, క్రోధము మొదలగు మనోవికారములచే ఐదవది.

జఠరాగ్నిని సమ, విషమ, తీక్ష్ణ, మందములని నాలుగు విధములుగా చెప్పినారు. మందాగ్నిలో కొంచెము తిన్నను జీర్ణము కాదు. తీక్ష్ణాగ్ని మితిమీరిన భస్మకమను వ్యాధిలో ఎంత తిన్నను ఆకలి తీరదు. దానికి పాలు, నెయ్యి, పాయసము వంటి గురుస్నిగ్ధాహారము విహితము.

చికిత్సయు కారణమును బట్టియే. భోజనమునకు ముందు ఉప్పుతో అల్లపుముక్క నములుట, పుక్కిలింతలు, శొంఠి, పిప్పలి, మిరియములు అగ్నిదీపనములు. ఇంగువ, జీలకర్రలు చేరిన హింగ్వష్టక చూర్ణమును నేతితో కలిపి తొలిముద్దలో తినిపింతురు. యునానీ హకీములు జీలకర్రతో చేయు జవారిష్ కమూనీ ఇట్టిదే. శోధనచికిత్స పిదప పేయ, విలేపి, యూషము అను క్రమమున మెల్లగా ఆహారమును పెంచవలెనని శాస్త్రము. మన కొత్తవలస ప్రాంతమున నీరసించినవారికి ముందు పలుచని గంజి పోసి, తరువాత మెత్తని అన్నము పెట్టుటలోని వివేకము దీనికి దగ్గరిదే.

అయితే ఐదవ అరోచకమునకు చూర్ణము చాలదు. మనస్సునకు సంతోషమును, ధైర్యమును కలిగించుటయే దానికి ప్రధానచికిత్స. నేటి విద్యార్థులు గమనింపవలసినది ఇదియే. లావగుదుమను భయముతో అన్నము మానుటను 1873లో విలియం గల్ అను ఆంగ్ల వైద్యుడు అనొరెక్సియా నెర్వోసా అని పేర్కొనెను. అమితముగా తిని, పిదప బలవంతముగా వాంతి చేసికొనుటను 1979లో జెరాల్డ్ రసెల్ బులీమియా నెర్వోసాగా వర్ణించెను. ఇవి అరోచక భస్మకములతో సరిగా ఏకీభవింపవు. అనొరెక్సియా రోగికి ఆకలి ఉండియు తినదు. లోపము జిహ్వలో లేదు, తన దేహమును తాను చూచుకొను దృష్టిలో కలదు. ఆమెకు ఆకలిమందు ఇచ్చిన ఫలమేమి?

వమన విరేచనములు శాస్త్రమున కలవు గదా యని కొందరు వాదింపవచ్చును. అవి వైద్యుని పర్యవేక్షణమున, రోగి బలమును పరీక్షించి చేయవలసిన కర్మలు; కృశించినవారికి నిషిద్ధములు. సన్నబడుటకై వాంతులు, విరేచనపు మాత్రలు ఆశ్రయించినచో రక్తములోని పొటాషియము తగ్గి హృదయగతి చెడును, ప్రాణమునకే ముప్పు. దీర్ఘోపవాసముచే చిక్కినవారికి ఒక్కసారిగా అధికాహారము పెట్టుటయు అపాయకరమే.

కావున బరువు వేగముగా తగ్గుట, మూర్ఛ, ఋతుక్రమము ఆగుట, తిన్నవెంటనే రహస్యముగా వాంతి చేసికొనుట కనబడినచో, మందలింపక వైద్యునికి చూపవలెను. విశాఖపట్టణమున చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల కలదు. 2022లో ప్రారంభమైన టెలిమానస్ సేవను 14416 సంఖ్యపై ఉచితముగా సంప్రదింపవచ్చును.

అతివేగముగా గాని, అతినెమ్మదిగా గాని కాక, మనస్సును నిలిపి భుజింపుమని చరకుడు విధించెను. తోటి విద్యార్థి పళ్లెము ముందు కూర్చుండియు తినలేకున్నచో, పరిహసింపక ఆతని మనస్సున ఏమున్నదో అడుగుడు. చికిత్సకు అదియే తొలిమెట్టు.