పిల్లలతో విశాఖకు వెళ్ళునప్పుడు

ఉత్తర కోస్తా పల్లెలలో విశాఖపట్నము వెళ్ళని కుటుంబము అరుదు. కింగ్ జార్జి ఆసుపత్రిలో చూపించుకొనుటకో, కాలేజీలో సీటు కొరకో, బంధువుల పెండ్లికో వెళ్తాము. పని ముగియగానే ఆర్టీసీ కాంప్లెక్సుకు వచ్చి బస్సెక్కుతాము. "సముద్రం చూపించవా నాన్నా?" అని పిల్లలడిగితే "మళ్ళీ వచ్చినప్పుడు" అంటాము. ఆ మళ్ళీ అనేది తొందరగా రాదు. కాబట్టి ఒకటి రెండు రోజులు మిగుల్చుకొనగల కుటుంబము తక్కువ ఖర్చుతో విశాఖలో ఏమి చూడవచ్చునో ఈ నెల వ్రాస్తున్నాము. దానితోపాటు ఒక ముఖ్యమైన హెచ్చరిక కూడ ఉన్నది. దయచేసి దానిని దాటవేయక చదవండి.

రేవు ఎందుకు ఇక్కడ వచ్చినది?

రామకృష్ణా బీచిలో నిలబడి దక్షిణము వైపు చూడండి. ఒక కొండ చేప మూతివలె సముద్రములోనికి చొచ్చుకొని పోయి ఉంటుంది. దానినే డాల్ఫిన్స్ నోస్ అంటారు. గాలిని, అలలను ఆ కొండ అడ్డుకొనుటవలన దాని చాటున ఓడలకు నెమ్మదియైన నీరు దొరికినది. వెనుకనున్న బురద నేలను త్రవ్వి రేవు కట్టిరి. అది 1933లో ఆరంభమైనది. రేవు నోటియొద్ద అలలను ఆపుటకు రెండు పాత ఓడలను రాళ్ళతో నింపి ముంచినారని పిల్లలకు చెప్పండి, కన్నులు పెద్దవి చేసుకొని వింటారు. ఇక్కడి ఓడల కర్మాగారములో తయారైన "జల ఉష" అను ఓడను 1948 మార్చిలో నెహ్రూగారు నీటిలోనికి విడిచారు.

ఓడలు లోపలికి వచ్చే సన్నని కాలువను చూచుటకు పాతపట్నములోని రాస్ హిల్ మంచి స్థలము. అక్కడ ప్రక్కప్రక్కనే మూడు కొండలున్నవి. ఒకదానిపై మరియమాత చర్చి, ఒకదానిపై దర్గా, ఒకదానిపై వేంకటేశ్వరుని గుడి. మూడు మతములవారు ఒకే రేవును చూస్తూ తరతరాలుగా ఇరుగుపొరుగున ఉంటున్నారు.

ఉదయమే లేవగలిగితే చేపల రేవుకు వెళ్ళండి. పడవలు తెచ్చిన చేపలను గంపలలో పోసి పాట పాడే సందడి చూడదగినది. అయితే ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు చేపలు గుడ్లుపెట్టే కాలమని మరపడవల వేట నిలిపివేస్తారు. వేసవి సెలవులలో వెళ్ళినవారికి కట్టివేసిన పడవలే ఎక్కువగా కనబడును.

తెలుగు సువార్తల కథలో విశాఖ

మన ఇండ్లలోని తెలుగు బైబిలుకు ఈ పట్నముతో పాత సంబంధమున్నది. లండన్ మిషనరీ సొసైటీ పంపిన జార్జి క్రాన్, అగస్టస్ డి గ్రాంజిస్ 1805లో విశాఖపట్నము చేరారు. తెలుగు నేర్చుకొని, ఆనందరాయర్ అను విశ్వాసి సహాయముతో సువార్తలను అనువదించసాగారు. క్రాన్ 1809లోను, డి గ్రాంజిస్ 1810లోను చనిపోయారు. వారి చేతి పని అచ్చులో చూచుకొనే భాగ్యము వారికి కలుగలేదు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపూరులో అచ్చయినవి. వారి వెనుక విశాఖలో పనిచేసిన ఎడ్వర్డ్ ప్రిచెట్ గారి తెలుగు క్రొత్త నిబంధన 1818లో మద్రాసులో వెలువడినది. పాతపట్నము వీధులలో నడచునప్పుడు ఈ సంగతి పిల్లలకు చెప్పండి. దీనికి టికెట్టు అవసరము లేదు.

బీచి రోడ్డు మీద

సాయంత్రము బీచి రోడ్డుకు కేటాయించండి. ఇసుక ఒడ్డున నిలిచియున్నది ఐ.ఎన్.ఎస్. కురుసుర అను జలాంతర్గామి. 1969లో మన నౌకాదళములో చేరి 2001లో పదవీ విరమణ చేసిన ఈ నౌకను 2002 నుండి మ్యూజియముగా చూపిస్తున్నారు. పొడవు సుమారు 91 మీటర్లు. డెబ్బై మందికి పైగా నావికులు ఇంత ఇరుకులో వండుకొని, తిని, నిద్రించి, నీటి అడుగున పనిచేసేవారు. లోపలి ద్వారములు చిన్నవి, వంగి దాటవలెను. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవారు బయటనే కూర్చొనుట మంచిది.

ఎదురుగా టి.యు. 142 అను పెద్ద నౌకాదళ విమానమున్నది. 29 సంవత్సరములు సముద్రముపై కాపలా కాచి, 2017 డిసెంబరు నుండి ప్రదర్శనగా నిలిచినది. ఈ రోడ్డు మీదనే 1971 యుద్ధ విజయ స్మారకము, ఒక పాత బంగళాలో విశాఖ మ్యూజియము ఉన్నవి. 1942 ఏప్రిల్ 6న జపాను విమానములు ఈ పట్నముపై బాంబులు వేసినవి. తాతలను అడిగితే వారి పెద్దలు చెప్పిన కథలు బయటికి వస్తాయి.

కొంచెము దూరము వెళ్ళగలిగితే కైలాసగిరి ఉన్నది. రోప్‌వే మీద కొండెక్కితే తీరమంతా ఒక్క చూపులో కనబడుతుంది. 1977లో తెరచిన జంతు ప్రదర్శనశాలకు సగము రోజైనా కావలెను. భీమిలి వెళ్ళే దారిలో తొట్లకొండపై ప్రాచీన బౌద్ధ విహారముల పునాదులున్నవి. భీమిలి చేరితే గోస్తనీ నది సముద్రములో కలియుట, పాత డచ్చి సమాధులు చూడవచ్చును.

హెచ్చరిక: నీటిలో దిగవద్దు

ఇప్పుడు ముఖ్యమైన మాట. విశాఖ తీరము చూచుటకు ఎంత అందమో దిగుటకు అంత ప్రమాదము. ఏటా ఇక్కడ ప్రాణములు పోతున్నవి. చెరువులో, కాలువలో ఈత నేర్చిన మన పిల్లలు "మాకు ఈత వచ్చు" అని ధైర్యముగా దిగుతారు. చెరువు నీరు నిలిచి ఉండును, సముద్రపు నీరు లాగును. తేడా అక్కడ ఉన్నది.

అలలు ఒడ్డుకు తెచ్చిన నీరంతా తిరిగి లోపలికి పోవలెను గదా? అది అంతటా సమానముగా పోదు. ఒకచోట సన్నని దారి చేసుకొని వేగముగా పోవును. ఆ చోట అలలు విరగవు, నీరు నెమ్మదిగా ఉన్నట్లు కనబడును. తెలియనివారు అదే మంచి చోటనుకొని దిగుతారు. నడుము లోతులోనే కాళ్ళ క్రింది ఇసుక జారిపోవును, మనిషి లోపలికి పోవును. పైగా కొన్నిచోట్ల రాళ్ళున్నవి, కొన్నిచోట్ల ఒడ్డు ఒక్కసారిగా లోతగును.

కాబట్టి ఈ మాటలు ఇంటిల్లిపాది గుర్తుంచుకొనండి:

పాదములు తడుపుకొనుటతో సరిపెట్టుకొనండి. చిన్న పిల్లల చేయి విడువవద్దు. ఫోటో కొరకు సముద్రమునకు వీపు త్రిప్పి నిలువవద్దు, తడి రాళ్ళు ఎక్కవద్దు. యౌవనస్థులు గుంపుగా వచ్చినప్పుడు పెద్దవారొకరు వెంట ఉండవలెను. ప్రమాద సూచిక బోర్డు, ఎర్ర జెండా ఉన్నచోట ఆగండి. గజ ఈతగాళ్ళు, పోలీసులు వద్దంటే వాదించవద్దు.

ఒకవేళ ప్రవాహము లాగితే ఒడ్డువైపు ఎదురీది అలసిపోవద్దు. నీటిపై తేలుతూ, చేయెత్తి కేక వేయవలెను. బలముంటే ఒడ్డుకు సమాంతరముగా ప్రక్కకు ఈది ఆ దారి తప్పించుకొని, తరువాత ఒడ్డుకు రావలెను. ఒడ్డుననున్నవారు వెంటనే దూకవద్దు. రక్షింపబోయినవారే మునిగిన సందర్భములెన్నో. తాడు, ఖాళీ డబ్బా, ఏదైనా తేలే వస్తువు విసరి, ఈతగాళ్ళను పిలవండి.

చివరిగా కొన్ని సూచనలు

నవంబరు నుండి ఫిబ్రవరి వరకు వాతావరణము హాయిగా ఉండును. వేసవిలో మధ్యాహ్నము ఉక్కపోత ఎక్కువ, ఉదయ సాయంత్రములే తిరగండి. అక్టోబరు, నవంబరు నెలలలో తుఫాను వార్తలు విని బయలుదేరండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఈ నగరమును ఎంత పాడుచేసినదో చాలామందికి గుర్తే. కురుసుర, జంతు ప్రదర్శనశాలలకు సోమవారము సెలవు. పులిహోర, నీళ్ళు ఇంటినుండి తెచ్చుకొంటే ఖర్చు సగము తగ్గును. బీచిలో పిల్లలకు మొక్కజొన్న పొత్తో, మురీ మిక్స్చరో కొనిపెడితే చాలు. చిన్నపిల్లల జేబులో తండ్రి పేరు, ఫోను నంబరు వ్రాసిన చీటీ ఉంచండి. తెచ్చిన చెత్తను ఇసుకలో వదలవద్దు.

పల్లె పిల్లలకు సముద్రమును చూపించుట పెద్ద చదువు. ఈసారి ఆసుపత్రి పనిమీద వెళ్ళినా ఒక సాయంత్రము వారికివ్వండి. ఎందరు వెళ్ళారో అందరూ నవ్వుతూ ఇల్లు చేరవలెనని మా కోరిక.