ప్రాక్సీ సర్వరుకు సకాలమున మరమ్మతు

గ్రామ పంచాయతీ పని నేడు చిట్టా పుస్తకములతో ముగియుట లేదు. 2020 ఏప్రిల్ 24న ప్రారంభమైన ఈ-గ్రామస్వరాజ్ మూలమున పంచాయతీ ప్రణాళికలును, జమాఖర్చులును కంప్యూటరులోనికి ఎక్కినవి. కంప్యూటరు ఉన్నచోట దాని రక్షణ విషయమున కొంత తెలివిడి ఉండుట అవసరము. అందు ముఖ్యమైన ప్రాక్సీ సర్వరును గూర్చియు, దాని మరమ్మతును గూర్చియు ఇచట వివరించుచున్నాము.

ప్రాక్సీ అనగా ఒకరి బదులు మరొకరు పని నెరవేర్చుట. పెద్ద కార్యాలయములలోను, కళాశాలలలోను ఉన్న కంప్యూటర్లు అనేకచోట్ల ఇంటర్నెట్టుతో నేరుగా మాటలాడవు. ఉద్యోగి ఒక వెబ్ పేజీ కోరినపుడు ప్రాక్సీ ఆ కోరికను తాను గైకొని, బయటి సర్వరును అడిగి, వచ్చిన సమాధానమును అతనికి అందించును. పలువురు కోరు పేజీల ప్రతులను తనవద్ద నిలువయుంచి, మరల కోరినవారికి వెంటనే ఇచ్చును. ఎవరికి అనుమతి గలదో, ఎవరికి లేదో విచారించును. ఇందరి రాకపోకలు ఒక్క ద్వారమున సాగుటచేత, ఆ ద్వారమునకు లోపము కలిగినచో నష్టము అందరికిని కలుగును.

ఉదాహరణమునకు స్క్విడ్ అను సాఫ్ట్‌వేరును తీసికొందము. ఇది 1996 నుండి వాడుకలోనున్నది. ఎవరైనను వెల చెల్లింపకయే వాడుకొనవచ్చును. 2023 అక్టోబరులో దీని నిర్వాహకులు ఒక లోపమును ప్రకటించిరి. పాస్‌వర్డును డైజెస్ట్ అను పద్ధతిలో పరీక్షించునపుడు, వచ్చిన సమాచారము ఎంత యున్నదో సరిగా కొలువకయే ప్రాక్సీ దానిని మెమరీలో వ్రాసికొనుచుండెను. పుట్టెడు ధాన్యమునకు కట్టిన గాదెలో రెండు పుట్లు పోసినచో పొర్లి పక్కనున్న సరకును పాడుచేయును గదా! అటులనే బయటివాడు 2 మెగాబైట్ల వరకు సమాచారమును పొర్లించి ప్రాక్సీని స్తంభింపజేయుటకు వీలుండెను. 3.2.0.1 నుండి 5.9 వరకును, 6.0 నుండి 6.3 వరకును గల ప్రతులలో ఈ లోపము కలదు. 6.4లో సవరింపబడెను.

2025 అక్టోబరులో మరియొక లోపము వెల్లడియయ్యెను. పేజీ తెరచుకొననపుడు స్క్విడ్ చూపు సందేశములో, నిర్వాహకునకు ఈ-మెయిలు పంపుటకై యుంచిన లంకెయందు, వాడుకదారుని రహస్య ప్రవేశ వివరములు మరుగుపడక చేరుచుండెను. దీనిని 7.2లో సవరించిరి. క్రొత్త ప్రతిని అమర్చుకొనువరకు ఆ వివరములు చేర్చు ఏర్పాటును నిలిపివేయవలెనని తాత్కాలికోపాయమును గూడ తెలిపిరి.

ఇట్టి సవరణను ప్యాచ్ అందురు. మన భాషలో మాసిక అనవచ్చును. చిరుగు కనబడుట అవమానము కాదు. ఎంత నిపుణులు వ్రాసిన సాఫ్ట్‌వేరులోనైనను లోపములుండును. అయితే మాసిక తయారైనంత మాత్రమున చిరుగు పూడదు. ఎవరి వస్త్రమునకు వారు కుట్టుకొనవలెను. ప్రకటన వెలువడిన నాటినుండి దానిని దుష్టులును చదువుదురు. పాత ప్రతిని, క్రొత్త ప్రతిని పోల్చి లోపమెచటనున్నదో కనుగొందురు. కావున ప్రకటన తరువాత జరుగు ఆలస్యమే అధిక ప్రమాదకరము.

మరమ్మతు చేయువారు పాటింపవలసిన క్రమ మిది. మొదట తమవద్దనున్న ప్రతి ఏదో తెలిసికొనవలెను. డెబియన్, రెడ్ హ్యాట్ వంటి సంస్థలు పాత ప్రతి సంఖ్యనే యుంచి సవరణను మాత్రము చేర్చుట కలదు. కనుక సంఖ్యను మాత్రమే చూచి తొందరపడక, ఆ సంస్థ ప్రకటనను గూడ చూడవలెను. పిదప అమరికల ఫైలునకు నకలు తీసి భద్రపరచవలెను. వీలున్నచో వేరొక కంప్యూటరుపై ముందుగా పరీక్షింపవలెను. సవరణను అమర్చిన వెనుక ప్రాక్సీని ఆపి మరల నడపవలెను. అటుల చేయనిచో మెమరీలో పాత ప్రోగ్రామే నడచుచుండును. కడపట, క్రొత్త ప్రతి పనిచేయుచున్నదని నిర్ధారించి తేదీతో రిజిస్టరులో వ్రాయవలెను.

మీ కార్యాలయమున ప్రాక్సీ లేకపోవచ్చును. అయినను ఇంటర్నెట్టు రౌటరుకును, కంప్యూటరుకును ఇదే న్యాయము వర్తించును. సభ్యులు సాంకేతిక విద్య నేర్వనక్కరలేదు. సమావేశమున నాలుగు ప్రశ్నలు అడిగిన చాలును: మనము వాడు సాఫ్ట్‌వేరు ఏది? దానికి ఇంకను సవరణలు వెలువడుచున్నవా? కడపటి సవరణ ఎన్నడు అమర్చిరి? ఆ బాధ్యత ఎవరిది? నాలుగవ ప్రశ్నకు ఒక వ్యక్తి పేరు సమాధానముగా రానిచో, ఆ పని ఎవరును చేయుటలేదనియే గ్రహింపవలెను.

లోపములను గూర్చి హెచ్చరికలు ప్రకటించుటకు సెర్ట్-ఇన్ అను భారత ప్రభుత్వ సంస్థ 2004 నుండి పనిచేయుచున్నది. నిర్ణీతమైన సైబరు దాడులు జరిగినచో, గమనించిన 6 గంటలలోగా ఆ సంస్థకు తెలుపవలెనని 2022 ఏప్రిల్ 28న ఉత్తర్వు వెలువడినది. ఇది ప్రభుత్వ సంస్థలకును వర్తించును.

చెరువు తూమును వేసవిలో సరిచూచుకొను గ్రామమునకు వానకాలమున భయముండదు. పింఛను పొందు వృద్ధుల వివరములు, ఇంటిపన్ను లెక్కలు, పాస్‌వర్డులు ప్రజలు మనయందుంచిన నమ్మకమునకు గుర్తులు. వానిని కాపాడు ద్వారము సకాలమున మరమ్మతు పొందునట్లు సభ్యులు శ్రద్ధ వహింతురుగాక యని కోరుచున్నాము.