లేని మానిటర్‌కు కొలతలు

వర్చువల్ మెషీన్‌లో ఉబుంటు ఎక్కించి చూసిన చాలామందికి ఇది అనుభవమే. ల్యాప్‌టాప్ తెర మీద బోలెడంత చోటున్నా, లినక్స్ మాత్రం మధ్యలో 800×600 గడిలో ముడుచుకుని కూర్చుంటుంది. ఇన్‌స్టాలర్‌లో నొక్కాల్సిన ‘కంటిన్యూ’ బటన్ తెర అడుగున ఎక్కడో ఉండిపోతుంది. తప్పు లినక్స్‌ది కాదు. అక్కడ మానిటరే లేదు, కొలత ఎవరిని అడగాలి?

1990ల మొదట్లోనైతే మానిటర్ ఎదురుగా ఉన్నా అడిగే వీలుండేది కాదు. పిక్చర్ ట్యూబులో ఎలక్ట్రాన్ పుంజం ఒక గీత గీసి, వెనక్కి వచ్చి, కింది గీత అందుకునేది. ఆ రాకపోకల లెక్కను ‘మోడ్‌లైన్’ అనే అంకెల వరుసగా లినక్స్ వాడేవాళ్లే, తెర మీద బొమ్మ చూపే ఎక్స్‌ఫ్రీ86 అనే ఎక్స్ సర్వర్ సెట్టింగుల ఫైల్లో చేత్తో రాసుకునేవాళ్లు. లెక్క తప్పితే మానిటర్ పాడైపోవచ్చని మాన్యువల్లోనే హెచ్చరిక ఉండేది.

1994లో వెసా సంస్థ దీనికో దారి చూపింది. తయారీదారు ఎవరు, తెర ఎన్ని సెంటీమీటర్లు, ఏ రిజల్యూషన్లు కుదురుతాయి అన్న వివరాలను 128 బైట్లలో సర్ది మానిటర్‌లోనే పెట్టమంది. దాని పేరు ఈడీఐడీ. కేబుల్ తగిలించగానే గ్రాఫిక్స్ కార్డు దాన్ని చదువుకుంటుంది. మోడ్‌లైన్ రాసే బాధ మెల్లగా తప్పింది.

1999లో వీఎంవేర్ వర్క్‌స్టేషన్, 2007లో వర్చువల్‌బాక్స్ వచ్చాక పాత చిక్కు కొత్త రూపంలో ఎదురైంది. గ్రాఫిక్స్ కార్డే సాఫ్ట్‌వేర్ నటన. మానిటర్ ఉందని చెబుతారు, ఈడీఐడీ మాత్రం అందదు. అలాంటప్పుడు లినక్స్ కెర్నెల్ సాహసం చేయదు, మామూలుగా 1024×768 దాటని సైజులతో సరిపెట్టుకుంటుంది.

గెస్ట్ అడిషన్స్ లాంటి ప్యాకేజీలు చేసేది ఈ లోటు పూడ్చడమే. మీరు మౌస్‌తో విండో అంచు లాగగానే ఆ కొలత లోపలి డ్రైవర్‌కు చేరుతుంది. డ్రైవర్ ‘కొత్త సైజు మానిటర్ తగిలించారు’ అన్నట్టు సంకేతమిస్తుంది, డెస్క్‌టాప్ సర్దుకుంటుంది. కీత్ ప్యాకార్డ్, జిమ్ గెటిస్ ఎక్స్ కోసం రూపొందించిన రాండర్ అనే పొడిగింపు లేకపోతే ఇది సాగేది కాదు. అంతకుముందు డెస్క్‌టాప్ కొలత మార్చాలంటే ఎక్స్ సర్వర్‌ను ఆపి మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చేది.

ఆ ప్యాకేజీ పనిచేయనప్పుడు చేత్తో చేసే మార్గం ఇంకా ఉంది. టెర్మినల్లో సీవీటీ ఆదేశానికి 1920, 1080 ఇస్తే ఒక మోడ్‌లైన్ పుట్టిస్తుంది. దాన్ని రాండర్‌ను నడిపే ఎక్స్‌రాండర్ ఆదేశానికి అందించాలి. ఆ వరుసను ఓసారి పరకాయించి చూడండి. కనబడే చుక్కలు 1920, గీత పొడవు మాత్రం 2576. కనబడే గీతలు 1080, లెక్కలో 1120. మిగులంతా పుంజం వెనక్కి రావడానికి కేటాయించిన వ్యవధి. ట్యూబూ లేదు, పుంజమూ లేదు, అయినా చుక్కల వేగం 173 మెగాహెర్ట్జ్ అని లెక్క కట్టి మరీ దానికి దారి వదులుతున్నాం! నాకు మాత్రం ఇది ముచ్చటగానే ఉంటుంది. ఎక్స్ బదులు వేలాండ్ వాడే డెస్క్‌టాప్‌లలో మాత్రం ఎక్స్‌రాండర్‌తో చేసే ఈ మార్గమూ మూసుకుపోయింది.

వీడియో మెమరీ సంగతి చాలామంది మరిచిపోతారు. ఒక్కో చుక్కకు 4 బైట్ల చొప్పున 1920×1080 తెరకు సుమారు 8 ఎంబీ చాలు. 3840×2160కి 33 ఎంబీ దాకా కావాలి. మెషీన్‌కు 16 ఎంబీ మాత్రమే ఇచ్చి ఉంటే ఎన్ని ఆదేశాలిచ్చినా ఆ తెర రాదు.

అందుకే తెర చిన్నగా కనబడగానే మోడ్‌లైన్ల జోలికి పోకండి. వర్చువల్‌బాక్స్ అయితే ముందు మెషీన్ ఆపి వీడియో మెమరీ పెంచండి. గ్రాఫిక్స్ కంట్రోలర్‌గా వీఎంఎస్‌వీజీఏ ఉందో లేదో చూడండి. అది పోటీ కంపెనీ వీఎంవేర్ రూపొందించిన ఊహా కార్డే, లినక్స్‌కు బాగా నప్పుతుంది. ఆపైన గెస్ట్ అడిషన్స్ ఎక్కించి రీబూట్ చేయండి. చాలావరకు పని అక్కడితో అయిపోతుంది.