రూమ్ బయటే ఉంది... బండి కదలదు!

ఆర్వీ అద్దెకు తీసుకుని అమెరికా టూరేస్తున్నారా? స్లైడ్ అవుట్ మొరాయిస్తే ఏం చేయాలో వరంగల్ ఆటోనగర్ మామ చెబుతాడు, వినండి.

వరంగల్‌లో రాత్రి ఏడున్నర. మా మేనమామ అప్పుడే షాపు మూసి ఇంటికొచ్చి చేతులు కడుక్కుంటున్నాడు. ఫోన్ మోగింది. వీడియో కాల్. అటు ఎల్లోస్టోన్‌లో పొద్దున ఎనిమిది.

‘‘మామా, రూమ్ లోపలికి పోతలేదు!’’ తమ్ముడి మొహంలో నెత్తురు చుక్క లేదు.

‘‘రూమ్ లోపలికి పోవుడేందిరా?’’

ఆరుగురు దోస్తులు కలిసి అద్దెకు తీసుకున్న ఆర్వీ అది. పదకొండింటికల్లా క్యాంప్‌సైట్ ఖాళీ చేయాలి. సాయంత్రం సాల్ట్ లేక్ సిటీలో బండి అప్పజెప్పి రాత్రికి ఫ్లైట్ ఎక్కాలి. తెల్లారితే అందరికీ ఆఫీసులే. రూమేమో గోడలోంచి మూడడుగులు బయటికి పొడుచుకొచ్చి అలాగే ఉండిపోయింది. ఆ స్థితిలో బండి నడపడానికి లేదు.

ఇంతకీ ఏంటీ రూమ్?

మేడారం జాతరకు ట్రాక్టర్ ట్రాలీలో వెళ్లినవాళ్లకు ఇది ఈజీగా అర్థమవుతుంది. ట్రాలీ ఆపగానే పక్కకు పరదా కట్టేస్తాం. చిన్న బండి కాస్తా పెద్ద ఇల్లయిపోతుంది. తిరిగొచ్చేటప్పుడు తాళ్లు విప్పేస్తాం. ఆర్వీలో పరదా బదులు సోఫా, మంచంతో సహా గోడే బయటికి జరుగుతుంది. అదే స్లైడ్ అవుట్.

దీని అవసరం ఎందుకొచ్చిందంటే, రోడ్డు మీద తిరిగే బండి వెడల్పుకు లిమిట్ ఉంటుంది. అమెరికాలో మామూలుగా ఎనిమిదిన్నర అడుగులు. నడిచేటప్పుడు ఆ కొలతలో ఇమడాలి, ఆగినప్పుడు విశాలంగా ఉండాలి. ఇండియానా రాష్ట్రానికి చెందిన న్యూమార్ కంపెనీ 1990లో మోటార్‌హోమ్‌లకు దీన్ని తీసుకొచ్చింది. ఇప్పుడు అక్కడ చాలా ఆర్వీల్లో ఒకటో రెండో స్లైడ్‌లు కనిపిస్తాయి.

‘‘మీట నొక్కితే ఏం సప్పుడొస్తున్నది?’’

మామ జన్మలో ఆర్వీ చూడలేదు. ముప్పై ఏళ్లుగా ఆయనది సెల్ఫ్, డైనమో, బ్యాటరీ పని. అడిగిన మొదటి ప్రశ్న మాత్రం సరిగ్గా అడగాల్సిందే.

‘‘టిక్ టిక్‌మంటోంది మామా, అంతే.’’

‘‘రాత్రంతా ఏం ఏస్కొని పండుకున్నరు?’’

‘‘హీటర్.’’

‘‘గదే మరి. మీరు పండుకున్నరు, బ్యాటరీ గూడ పండుకున్నది!’’

ఆ క్యాంప్‌సైట్‌లో కరెంటు కనెక్షన్ లేదు. హీటర్ గ్యాస్‌తో మండినా, దాని ఫ్యాన్ తిరిగేది బ్యాటరీ మీదే. ప్యానెల్ చూస్తే 11.6 వోల్టులు. లెడ్ యాసిడ్ బ్యాటరీ నిండుగా ఉంటే 12.7 దగ్గర చూపిస్తుంది. 12 కిందికి దిగిందంటే సగానికి పైగా ఖాళీ అయినట్టే. వందల కిలోల గదిని లాగే మోటార్‌కు ఒక్కసారిగా బోలెడు కరెంటు కావాలి. అది అందకపోతే రిలే టిక్కుమంటుంది, మోటార్ కదలదు. స్లైడ్ సమస్యల్లో ఎక్కువగా కనిపించేది ఇదే.

‘‘ఇంజిన్ స్టార్ట్ జేసి అరగంట ఆగు’’ అన్నాడు మామ. ఆగారు. మీట నొక్కితే రూమ్ కదిలింది! అందరూ కేకలు పెట్టేలోపే ఎడమ మూల ఆగిపోయింది, కుడి మూల మాత్రం జరుగుతూనే ఉంది.

‘‘ఆపు, ఆపు! జబర్దస్తీ చెయ్యకు. మల్ల బయటికి పంపి కింద జూడు.’’

స్లైడ్ కింద ఇరుక్కుని ఉంది ఒక హవాయి చెప్పు. అది తీయగానే రూమ్ సాఫీగా లోపలికెళ్లింది. టైమ్ పది నలభై.

సప్పుడును బట్టి రోగం

• అసలు శబ్దమే లేదు: ఫ్యూజ్, బ్రేకర్ చూడండి. చాలా బండ్లలో హ్యాండ్‌బ్రేక్ వేసి ఉంటేనే స్లైడ్ పనిచేస్తుంది. కొన్నింటిలో తాళంచెవి ఏ పొజిషన్‌లో ఉండాలో కూడా రూల్ ఉంటుంది. మాన్యువల్ చూడండి.

• టిక్ టిక్: బ్యాటరీ డౌన్, లేదా టెర్మినల్ లూజ్, లేదా ఎర్త్ వైరుకు తుప్పు.

• మోటార్ తిరుగుతోంది, గది కదలదు: పళ్లచక్రానికి శక్తి అందించే షియర్ పిన్ విరిగి ఉండొచ్చు. భారం ఎక్కువైతే మోటార్ పాడవకుండా తానే విరిగేలా పెట్టిన చిన్న పిన్ అది.

• వంకరగా వస్తోంది: ఏదో అడ్డం పడింది, లేదా రెండు మోటార్ల లయ తప్పింది. ష్విన్‌టెక్ రకంలో గోడకు అటొకటి, ఇటొకటి మోటార్లు ఉంటాయి. రెండూ ఒకే వేగంతో తిరగాలి. పూర్తిగా బయటికి పంపి, మోటార్లు వాటంతటవే ఆగేదాకా మీట పట్టుకుంటే చాలాసార్లు లయ కుదురుతుంది.

• హైడ్రాలిక్ రకంలో పంపు మోగుతోంది, గది నెమ్మదిగా జరుగుతోంది: ఆయిల్ తగ్గిందేమో, ఎక్కడైనా కారుతోందేమో చూడండి. లెవెల్ చూసేది స్లైడ్‌లన్నీ లోపలున్నప్పుడే.

ఏదీ పనిచేయకపోతే?

చేత్తో లోపలికి తెచ్చే దారి దాదాపు ప్రతి స్లైడ్‌కూ ఉంటుంది. పళ్లపట్టీ రకానికి క్రాంక్ లేదా రాచెట్ స్పానర్. చాలా హైడ్రాలిక్ పంపులను డ్రిల్ మెషీన్‌తో తిప్పొచ్చు. ష్విన్‌టెక్ కంట్రోలర్‌పై మోడ్ బటన్ ఉంటుంది. దాన్ని ఆరుసార్లు గబగబా నొక్కి, ఏడోసారి లైట్లు మెరిసేదాకా పట్టుకుంటే ఎమర్జెన్సీ మోడ్‌లోకి వెళ్తుంది. ఈ మోడ్‌లో రెండు మోటార్ల లయను కంట్రోలర్ చూసుకోదు. అందుకే మూలలు రెండూ సమంగా కదులుతున్నాయో లేదో ఒకరు గమనిస్తూనే ఉండాలి.

అద్దె బండైతే మోటార్ విప్పకండి. ముందు అద్దెకిచ్చినవాళ్లకు ఫోన్ చేయండి. గది కదులుతున్నప్పుడు దాని దారిలో ఎవరూ నిలబడకూడదు, పిల్లలైతే అసలే వద్దు. బండిని సమంగా నిలిపాకే స్లైడ్ తెరవండి. మూసేముందు పైన పడ్డ ఆకులు, కొమ్మలు ఊడ్చేయండి. సొంత బండైతే రబ్బరు సీళ్లకు వాటి కోసం అమ్మే కండిషనరే పూయండి. ఇంట్లో ఉంది కదాని గ్రీజు రాస్తే దుమ్ము పట్టేస్తుంది.

మన దగ్గర?

మన తెలుగు హీరోల కారవాన్ల ఫొటోలు చూసి ‘మన వ్యాన్‌కూ ఇలా చేయిద్దాం’ అనుకునేవాళ్లున్నారు. తొందరపడకండి. కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఒప్పుకోదు. గోడ కోసి గది బిగిస్తే బాడీ బలం, బండి బ్యాలెన్స్ రెండూ మారిపోతాయి. లక్నవరం ట్రిప్పుకు ఒక టెంటు చాలు.

మామ మాత్రం ఆ రాత్రి అన్నం తింటూ ఒకటే అన్నాడు: ‘‘గంత పెద్ద బండి ఇచ్చినోడు, కరెంటు లేకుంటె ఎట్ల తిప్పాల్నో చూపియ్యలేదారా?’’ తమ్ముడి దగ్గర జవాబు లేదు. ఇప్పుడు ఆర్వీ అద్దెకు తీసుకునే దోస్తులకు వాడు చెప్పే మొదటి మాట, ‘‘తాళంచెవి తీసుకునేముందే క్రాంక్ ఎక్కడుందో చూపించమను’’.