డొంకదారిన రెండు సైకిళ్ళు

సంక్రాంతి సెలవుల్లో మా అమ్మాయి నా ముందు ఒక కాగితం పెట్టింది. దానిమీద ఒక సైకిలు బొమ్మ, బొమ్మ క్రింద ధర. ఆ ధర చూసి, పొరపాటున ఒక సున్న ఎక్కువ పడిందేమో అనుకొన్నాను.

"కాదు నాన్నా! దీన్ని గ్రావెల్ బైకు అంటారు. తారురోడ్డు మీదా పోతుంది, కంకర మీదా పోతుంది, కొండదారుల్లోనూ పోతుంది. లారీలూ బస్సులూ లేనిచోట హాయిగా త్రొక్కుకోవచ్చు" అన్నది.

ఇంటరు రెండవ సంవత్సరం చదువుతున్న పిల్ల. మంచి మార్కులు తెచ్చుకొంటే అడిగింది కొనిపెడతానని నోరు జారిన పాపం నాదే.

"మోటారు లేదుటే దీనికి?" అని అడిగింది మా ఆవిడ. లేదన్నది అమ్మాయి. "మోటారు లేని బండికి ఇంత డబ్బా!" అంటూ ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ మాటకు నా దగ్గరా జవాబు లేదు.

నేను తెలుగు పాఠాలు చెప్పుకొని బ్రతికేవాణ్ణి. అయినా కొనేముందు తెలుసుకోవాలి గనుక రెండు రోజులు కూర్చొని చదివాను. పందెపు సైకిలుకు చక్రాలు సన్నం. నున్నని రోడ్డు మీద తప్ప దాని ఆటలు సాగవు. కొండలెక్కే సైకిలుకు లావు చక్రాలు, ముందు స్ప్రింగులు. త్రొక్కలేక ప్రాణం పోతుంది. ఈ రెంటికీ నడుమ పుట్టినది గ్రావెలు సైకిలు. టైరు వెడల్పు రమారమి 40 మిల్లీమీటర్లు. అమెరికాలో కాన్సస్ రాష్ట్రపు గుట్టల మధ్య కేవలం కంకరదారుల మీద 200 మైళ్ళ పందెం ఒకటి 2006లో మొదలైంది.

అంతకంటె నన్ను ఆకట్టుకొన్నది ఇటలీ కథ. అక్కడ టస్కనీ ప్రాంతంలో ద్రాక్షతోటల నడుమ తెల్ల కంకర దారులు వున్నాయి. వాటిమీద వరుసగా తారు పోస్తూ వస్తుంటే, ఆ దారులను కాపాడాలని కొందరు 1997లో గయోలే అనే వూళ్ళో ఒక సైకిలు యాత్ర మొదలుపెట్టారు. పేరు 'ఎరోయికా'. మొదటి ఏడు నూరుమంది కూడా రాలేదు. తరువాత వేలమంది రాసాగారు. అక్కడికి 1987కు ముందు తయారైన సైకిళ్ళతోనే రావాలని నియమం.

అది చదవగానే మా మెట్లక్రింద గోనెపట్టా కప్పి వున్న మా నాయనగారి అట్లాసు సైకిలు జ్ఞాపకం వచ్చింది. 1978లో కొన్నది. ఆయన పోయి ఆరేళ్ళయింది. పాతసామానుకు వెయ్యబుద్ధి కాక అట్టే వుంచాను. ఆ సైకిళ్ళు చేసిన కంపెనీ చివరి ఫ్యాక్టరీ కూడా 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిలు దినంనాడే ఆగిపోయింది. పట్టా తీసి, దుమ్ము తుడిచి, టైరు మీద అంకె చదివాను: 28 × 1½. అంగుళంన్నర అంటే 38 మిల్లీమీటర్లు!

"అమ్మాయీ, నీ గ్రావెలు సైకిలు నలభై ఏళ్ళుగా మనింట్లోనే వుందే!" అని కేక వేశాను.

"దానికి గేర్లు లేవుగా నాన్నా" అన్నది, బహుశా నా సంతోషం చూసి జాలిపడి.

గేర్లు లేకపోయినా మా నాయనగారు ఆ సైకిలు మీద ఇరవైరెండేళ్ళు ప్రక్కవూరి బడికి పాఠం చెప్పడానికి వెళ్ళారు. తారురోడ్డు మీద కాదు, డొంకలో. పట్నవాసపు పాఠకులకు డొంక అంటే తెలియకపోవచ్చు. పొలాల మధ్యగా బండ్లూ పశువులూ నడిచే మట్టిదారి. గోదావరి జిల్లాలవారు పుంత అంటారు. మాది నల్లరేగడి నేల. ఎండాకాలం ఆ దారి సిమెంటులా గట్టిగా వుంటుంది. వానపడితే ఉబ్బి, బంకలా చక్రానికీ మడ్గార్డుకూ నడుమ బిగిసిపోతుంది. పుల్లతో గీకుతూ కూర్చోవాలి. ఎనిమిది నెలలు తాను సైకిలు ఎక్కితే, నాలుగు నెలలు సైకిలు తనను ఎక్కేదని ఆయనే నవ్వుతూ చెప్పేవారు.

సరే, క్రొత్త సైకిలు సంగతి తరువాత చూద్దాం, ముందు దారి వుందో లేదో చూసివద్దామని ఒక ఆదివారం తెల్లవారుజామున ఇద్దరం బయలుదేరాము. నేను అట్లాసు మీద, అమ్మాయి తన బడి సైకిలు మీద. నరసరావుపేట నుంచి కాలువగట్టు పట్టుకొని మా వూరి పొలాలకు, అక్కడినుంచి డొంకలో కొండవీటి కొండల దాకా.

కాలువగట్టు మీద త్రొక్కడంలోని సుఖం నేను ఇంతకు ముందు ఎరగను. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేసిన నాగార్జునసాగరం నుంచి 1967 ఆగస్టులో కాలువలకు నీరు వదిలారు. కుడికాలువ, అంటే జవహర్ కాలువ, గుంటూరు ప్రకాశం సీమల్లో 203 కిలోమీటర్లు సాగుతుంది. దాని కొమ్మలు, మేజర్లు, మైనర్లు లెక్కకు మించి వున్నాయి. వాటిలో పెద్దవాటి గట్లమీద తనిఖీ జీపుల కోసం ఎర్రగ్రావెలు పరచి వుంచారు. జీపు ఎప్పుడో గాని రాదు. ఒకప్రక్క నీళ్ళు, ఒకప్రక్క పత్తిచేలు. మంచులోనుంచి పత్తి తీసేవాళ్ళ మాటలు వినవస్తాయి గాని మనుషులు కనపడరు. ముందు చక్రం క్రింద గ్రావెలు చేసే చప్పుడు, అప్పుడప్పుడు లకుముకిపిట్ట. హారను మ్రోత లేకుండా గంటసేపు గడిచిందంటే నాకే నమ్మకం కలగలేదు. అయితే గట్టు అంచుకు పోరాదు సుమా! కాలువ లోపలి వాలు పాచిపట్టి వుంటుంది. జారితే పట్టు దొరకదు.

కాలువ దిగి డొంకలో పడగానే అమ్మాయి సైకిలు పంచరైంది. పల్లేరుకాయ. ఈ పల్లేరు మన కడుపుమంట ఒక్కటే కాదు. ఇదే మొక్క అమెరికాకు పోయి అక్కడి సైకిళ్ళవాళ్ళనూ ఏడిపిస్తున్నది. దానికి విరుగుడుగా వాళ్ళు ట్యూబు తీసివేసి టైరులో జిగురు ద్రవం పోస్తారు. ముల్లు గ్రుచ్చుకొంటే ఆ ద్రవమే కన్నం పూడుస్తుంది. మా దగ్గర సొల్యూషను, రబ్బరు ముక్క, పంపు వున్నాయి. మా నాయనగారి పద్ధతినే గాలికొట్టి, నీళ్ళడబ్బా మూతలో ముంచి బుడగలు చూసి అతికించాను. అమ్మాయి మొదటిసారి చూసింది. రెండవ పంచరు తానే వేసింది.

ఆ తరువాత వచ్చింది అసలు సంగతి. డొంక మా వూరి పొలిమేరలో చక్కగా సాగి సాగి, ఒక మిర్చిచేను దగ్గర కాలిబాటగా సన్నగిలి, కొంతదూరాన బొత్తిగా మాయమైంది. కాయ ఎర్రబడుతున్న చేను. సైకిలు నడిపించుకొనిపోవడానికి కూడా సందు లేదు.

"ఎవరు నాన్నా ఇట్లా ఆక్రమించుకొన్నది? తాతయ్య వెళ్ళిన దారి కదా! ఎవరిదీ పొలం?" అని అమ్మాయి మండిపడింది.

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఆ పొలం మాదే. మా నాయనగారు నాకిచ్చిన రెండెకరాలు. ఏడాదికొకసారి కౌలు డబ్బు పుచ్చుకోవడమే గాని, నేను ఆ చేలో కాలుపెట్టి నాలుగేళ్ళు దాటింది.

ఈ నెపం కౌలురైతు మీదకు నెట్టడం తేలిక. సాయంత్రం అతన్ని అడిగాను కూడా. అతను దాచలేదు. "నాలుగు సాళ్ళు కలుపుకొన్న మాట నిజమే మేష్టారూ. కౌలు మీరు రెండుసార్లు పెంచారు. మందులు పెరిగినయ్, కూలి పెరిగింది. బండ్లు ఎవరికున్నయ్ ఇప్పుడు? ట్రాక్టర్లు అవతల రోడ్డున పోతున్నయ్. ఖాళీగా ఉన్న నేల ఎందుకులే అనుకున్నా" అన్నాడు. కౌలు రెండుసార్లు పెంచిన మాట నిజమే. ఆ నాలుగు సాళ్ళ కాయలో నా వాటా కూడా వున్నదన్నమాట.

ఇంతకూ ఆవేళ మేము వెనుదిరగలేదు. సైకిళ్ళు భుజాన వేసుకొని గట్లంట నడిచి, చుట్టు తిరిగి కొండవీడు చేరాము. ఘాట్ రోడ్డు మీద సైకిళ్ళు త్రొక్కినదానికంటె తోసినదే ఎక్కువ. సెలవునాడు గనుక కార్లు వస్తూనే వున్నాయి. నిశ్శబ్దం కోరేవారు ప్రొద్దున ఏడులోపల ఎక్కడం మంచిది. పైన చెరువు గట్టున కూర్చొని అటుకులు తిన్నాము. పెదకోమటి వేమారెడ్డి కొలువులో శ్రీనాథుడు విద్యాధికారిగా వున్నది ఈ కొండవీటిలోనే అనీ, 1515లో కృష్ణదేవరాయలు ఈ దుర్గాన్ని పట్టుకొన్నాడనీ పాఠం మొదలుపెట్టబోయాను. అమ్మాయి వినడం లేదు. క్రింద మైదానంలోకి చూస్తున్నది. "పైనుంచి డొంక తెలుస్తున్నది నాన్నా. అదుగో, మన చేను దగ్గర తెగిపోయింది" అన్నది.

మరుసటి వారం గ్రామపటం చూపించుకొన్నాను. డొంక వెడల్పు మా చేను ప్రక్కన 33 లింకులు, అంటే దాదాపు 22 అడుగులు. పోరంబోకు అని వ్రాసి వున్నది. ఎవరి సొంతమూ కాదని వ్రాసిన ముక్క అది, వూరందరిదని చదువుకోవాలి. మావైపునుంచి పది అడుగులు మిర్చిలో కలిసిపోయింది. అవతలి చేనుది వేరే లెక్క. నాది నేను సరిచేసుకోకుండా వారిని అడిగే ముఖం నాకు లేదు.

కౌలురైతుతో ఒప్పందమైంది. ఈ కాయ కోతలు పూర్తయ్యేదాకా చేను జోలికి పోరాదు. మొక్క పీకించడం నాకూ ఇష్టం లేదు. అతని అప్పు ఆ మొక్కల మీదే వుంది. ఏప్రిల్లో కల్లం ఎత్తాక సర్వేయరుచేత కొలిపించి రాళ్ళు వేయించాలి, వచ్చే ఏడు కౌలు ఆ మేరకు తగ్గించాలి. తగ్గింపు ఎంత అన్నదగ్గర అతనూ నేనూ అరగంట బేరమాడాము. అతనే గెలిచాడు. మా ఆవిడ, "సైకిలు కొనకముందే ఖర్చు మొదలైంది" అన్నది. ఆ నిర్మానుష్యపు దారుల్లో పిల్ల ఒంటరిగా పోరాదని కూడా గట్టిగా చెప్పింది. అది న్యాయమైన మాట; ఇద్దరు ముగ్గురు కలిసి, ఏ దారిన పోతున్నదీ ఇంట్లో చెప్పి వెళ్ళాలని నిర్ణయించాము.

అమ్మాయి ఇప్పుడు గుండ్లకమ్మ పటం ముందు వేసుకొని కూర్చుంటున్నది. నల్లమలలో పుట్టి, కంభం చెరువులో నిండి, ఎర్రాప్రగడ నాటి అద్దంకి మీదుగా సముద్రానికి పోయే నది అది. పులుల అభయారణ్యంలోకి అటవీశాఖవారి అనుమతి లేకుండా అడుగు పెట్టరాదని చెప్పాను. కంభం నుంచి దిగువకైతే పోవచ్చునట. వేసవిలో కాదు, మళ్ళీ మంచు పడ్డాక.

అట్లాసుకు క్రొత్త టైర్లు వేయించాను. షాపతను, "మేష్టారూ, ఈ సైజు అడిగేవాళ్ళే లేరండీ" అంటూ పైఅరలోంచి వెదికి తీశాడు. కాగితం మీది సైకిలు సంగతి మార్కులు వచ్చాక తేలుతుంది. అంతదాకా ఆదివారాల్లో అట్లాసు అమ్మాయి త్రొక్కుతున్నది, బడి సైకిలు నేను త్రొక్కుతున్నాను. చేను దగ్గరకు రాగానే దిగి, ఇద్దరం గట్లంట చుట్టు తిరిగి పోతున్నాము.